లితియా అడిగింది

భోజనాల వేళ దాటినా పడవ రాలేదు. బెల్టు మీద సరుకు అయిపోవడంతో షెడ్డులో ఆడవాళ్ళంతా నీటి గొట్టాలు పట్టుకుని నేల కడుగుతున్నారు. ఈ దేశంలో జూలై అంటే చలికాలం. అఖాతం మీద నుంచి వచ్చే గాలి రేకుల సందుల్లో దూరి తడి బట్టల్లోకి పాకుతోంది. లలితకుమారి రబ్బరు తొడుగులు విప్పి వేళ్ళ మీద ఊపిరి ఊదుకుంది. తెల్లవారకముందు నుంచీ నిలబడి, ఆల్చిప్పల అంచులకు అంటుకున్న పీచు లాగీ లాగీ ఆ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి.

వెర్రిబీ అనే ఊరికి దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. అఖాతంలో మోకులు వేలాడదీసి వాటి మీద నల్లటి ఆల్చిప్పలను పెంచుతారు. ఇక్కడివాళ్ళు మసల్స్ అంటారు. పడవ మీద వెళ్ళి ఆ మోకులు లాగేది మగవాళ్ళు. ఒడ్డున నిలబడి కడిగి, గీకి, చిన్నా పెద్దా ఏరి సంచులకెత్తేది ఆడవాళ్ళు. ఇలాగే ఉండాలని ఎక్కడా రాసి లేదు, ఎవరూ చెప్పనూ లేదు. లలితకుమారికి అందులో వింతేమీ కనిపించలేదు. శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం దగ్గర వాళ్ళ పేటలోనూ అంతే. మగవాళ్ళు వేటకు వెళ్ళేవారు, ఆడవాళ్ళు తట్టలెత్తుకునేవారు. ఆడమనిషి కాలు పెడితే పడవకు మైల అనేవారు. చిన్నప్పుడు ఒడ్డున ఆగి ఉన్న తెప్పెక్కి ఆడుకున్నందుకు ఆమె మేనమామ చేత దెబ్బలు కూడా తింది.

ఎట్టకేలకు పడవ వచ్చింది. ముందుగా దిగినవాడు లలితకుమారి భర్త జయంత్. ఫిషరీస్ డిప్లొమా చదివి, విద్యార్థిగా ఈ దేశం వచ్చి, పడవ నడిపే లైసెన్సు పరీక్ష మూడోసారికి గట్టెక్కినవాడు. ఆ పడవ అతని చేతి కిందే నడుస్తుంది. ఆ వేళ అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. మోకు లాగే యంత్రంలో పడి ఒకతని చెయ్యి విరిగింది. అంబులెన్సు వచ్చి అతన్ని తీసుకువెళ్ళింది. ఆగిన పని మళ్ళీ మొదలైంది. సాయంత్రం దీపాలు వేశాక యజమాని షెడ్డులోకి వచ్చి, పడవ మీద ఒక మనిషి తక్కువయ్యాడనీ, ఎవరి ఎరుకలోనైనా గట్టివాళ్ళుంటే చెప్పమనీ అడిగాడు.

"నేనున్నాను" అంది లితియా.

యజమాని నవ్వలేదు గాని, తలుపు దగ్గర నిలబడ్డ పడవవాళ్ళిద్దరూ నవ్వారు.

లితియాది ఫిజీ. వనువా లేవు అనే దీవిలో, మడ అడవిని ఆనుకున్న పల్లె. కాంట్రాక్టు మీద పనికి వచ్చి, కంపెనీ అద్దెకు తీసుకున్న ఇంట్లో తోటి దీవులవాళ్ళతో కలిసి ఉంటోంది. వాళ్ళ దీవిలో, ఒకప్పుడు మన దేశం నుంచి చెరకు తోటలకు పోయిన కూలీల హిందీ నడుస్తుంది. లలితకుమారి తండ్రి వేట లేని కాలంలో గుజరాత్‌లో వెరావల్ పడవల మీద పనికి పోయేవాడు. అతని వెంట రెండు మూడేళ్ళు అక్కడ ఉండటం వల్ల ఆమెకూ ఒక రకం హిందీ వచ్చు. ఆ రెండు హిందీలూ ఒకదానికొకటి సరిగా అతకవు. అయినా బెల్టుకు చెరో పక్కా నిలబడి వాటితోనే ఇద్దరూ తమ బతుకులు చెప్పుకున్నారు.

లితియా ఊళ్ళో పీతలు పట్టేది ఆడవాళ్ళు. మోకాళ్ళ లోతు బురదలో దిగి, మడ చెట్ల వేళ్ళ మధ్య చెయ్యి పెట్టి, చేత్తోనే లాగుతారు. పట్టిన చిన్న పీతలను బోనుల్లో పెంచితే మంచి ధర వస్తుందని ఆమె, మరికొందరు ఆడవాళ్ళు కలిసి వెదురు బోనులు కట్టారు. రెండేళ్ళు నష్టపోయి, మూడో ఏట నిలదొక్కుకున్నారు. అప్పుడు పట్నం నుంచి కొనేవాళ్ళు వచ్చారు. ఊరి మగవాళ్ళు కమిటీ వేసుకున్నారు. పీతలు పెంచే లైసెన్సు కమిటీ పేర వచ్చింది. అందులో లితియా భర్త కూడా ఉన్నాడు. ఆడవాళ్ళకు పీతలకు మేత వేసే పని మిగిలింది. లితియా ఏడాదిపాటు మేత వేసి, ఇద్దరు పిల్లలనూ తల్లి దగ్గర వదిలి ఇక్కడికి వచ్చేసింది. ఇదంతా ఆమె నవ్వుతూనే చెప్పింది. ఒక్క భర్త సంగతి దగ్గర మాత్రం కాసేపు ఆల్చిప్పల మీద నుంచి తలెత్తలేదు.

షెడ్డు కన్నా పడవ మీద జీతం ఎక్కువ. ఆమె చూసింది దాన్ని కాదు. పడవ మీద చేసిన పని కాలం లెక్కలోకి వస్తే లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు. షెడ్డులో జీవితమంతా నిలబడినా ఆ దారి తెరుచుకోదు. లైసెన్సు చేతిలో పెట్టుకుని ఊరికి పోతే కమిటీకి తనను మళ్ళీ మేత పనికి పంపే వీలుండదని లితియా నమ్మకం.

ఆ రాత్రి వంట చేస్తూ లలితకుమారి భర్తతో ఆ మాట ఎత్తింది. జయంత్ మొదట కొట్టిపారేశాడు. ఆమె వదల్లేదు. ఆ మనిషి భుజాలు చూడమంది, షెడ్డులో ఇద్దరెత్తే సంచులు ఒక్కతే ఎత్తుతుందని చెప్పింది. చివరికి అతను యజమానితో మాట్లాడాడు. కొన్నాళ్ళు చూద్దామన్నాడు యజమాని.

ఆగస్టులో లితియా పడవెక్కింది. మొదటి వారం మగవాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. రెండో వారానికి ఆమె ఉంటే పని తొందరగా తెములుతోందని తెలిసి మాట్లాడక తప్పలేదు. సాయంత్రాలు లలితకుమారి కారులో ఇంటికి వెళ్తూ లితియా ఆ పూట సంగతులన్నీ చెప్పేది. ఉప్పుగాలికి ఆమె చెంపలు పొట్టు రేగాయి. చేతులు పగిలాయి. నారింజ రంగు పడవ కోటు వేసుకున్న ఫొటో కూతురికి పంపితే, ఆ పిల్ల దాన్ని బడికి తీసుకుపోయి అందరికీ చూపించిందట. లితియా అంత సంతోషంగా ఉండటం లలితకుమారి అంతకుముందెన్నడూ చూడలేదు. చూస్తూంటే తనకూ ఎందుకో గుండె నిండినట్టుండేది. షెడ్డులో నిలబడి, పడవ వచ్చే వేళకు తలుపు వైపు చూడటం అలవాటైంది. నేనూ ఎక్కుతానని జయంత్‌తో తరచూ అనేది.

ఒక సాయంత్రం కారులో, ఇల్లు దగ్గరపడ్డాక లితియా నెమ్మదిగా చెప్పింది. పడవ మీద టాయిలెట్ లేదు. మగవాళ్ళు పక్కకు తిరిగి నిలబడితే సరిపోతుంది. తనకు చాటు లేదు. అందుకని ముందు రోజు చీకటి పడ్డప్పటి నుంచే నీళ్ళు తాగడం మానేస్తోంది. పడవ దిగేదాకా నోట్లో చుక్క పోసుకోవడం లేదు.

"చిన్న టాయిలెట్ డబ్బా ఒకటి, చుట్టూ ఒక తెర. కారవాన్ బళ్ళలో పెట్టుకుంటారే, అలాంటిది. జయంత్‌తో చెప్పు. అందరి ముందూ అడగడానికి నాకు నోరు రావడం లేదు" అంది.

లలితకుమారి ఇంటికి రాగానే చెప్పింది. జయంత్ బూట్లు విప్పుతూ విన్నాడు. విని చాలాసేపు లేసులతోనే తంటాలు పడ్డాడు.

"సూడు లలితా, ఆవిణ్ణి పడవెక్కించడానికే నానెన్ని మాటలు పడ్డానో నీకు తెలీదు. ఇప్పుడెల్లి టాయిలెట్ అని అడిగితే, అందుకే ఆడోళ్ళొద్దన్నాం అంతారు. పడవ ఒడ్డుకి లాగాల, పనాగిపోద్ది. కొన్నాళ్ళు అడ్జస్ట్ అవ్వమను. పెర్మనెంట్ అయినాక నానే మాటాడతాను."

"నీళ్ళు తాగడం మానేసినాది మావా."

"మన అమ్మలు బజార్లో పొద్దస్తమానం కూకోలేదేటి? ఆళ్ళకెవరు కట్టినారు టాయిలెట్లు?"

నిజమే, లలితకుమారి తల్లి కూడా శ్రీకాకుళం చేపల బజార్లో తట్ట ముందు కూర్చుని, పొద్దు వాలేదాకా గొంతు తడుపుకునేది కాదు. ఇంటికొచ్చి కడుపు పట్టుకుని గోడవారన ముడుచుకు పడుకునేది. ధనియాల నీళ్ళు కాచి ఇవ్వడం చిన్నప్పుడు లలితకుమారి పని. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. వేట నిషేధమైన రోజుల్లో సర్కారిచ్చే భృతి తండ్రికి వచ్చేది. తల్లికి రాలేదు. ఆమె చేపల మనిషే కాదన్నట్టు ఉండేది ఆ లెక్క.

మర్నాడు కారులో, కొన్నాళ్ళు ఓర్చుకోమని లితియాకు చెప్పింది. ఆ మాట తన నోటితోనే చెప్పింది. లితియా సరేనని తలూపి కిటికీ బయటకు చూసింది. మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు.

సెప్టెంబరు గడిచింది. లితియా సన్నబడింది. నడుం నొప్పి అనేది. మోకుల బరువుకు అందరికీ ఉండేదే అని లలితకుమారి అనుకుంది. కారులో హీటరు వేసినా వణికేది. సంచిలో ఎప్పుడూ నొప్పి తగ్గించే పనడాల్ మాత్రల అట్ట ఉండేది. డాక్టరు దగ్గరకు వెళ్దామంటే, సెలవు పెడితే ఆడమనిషి ఆగలేకపోయిందంటారు, ఇంకొన్నాళ్ళే కదా అంది. ఆ ఇంకొన్నాళ్ళు అన్న మాట లలితకుమారి నేర్పినదే.

అక్టోబరులో ఒక రోజు, పడవ ఒడ్డు చేరాక లితియా జెట్టీ నిచ్చెన ఎక్కలేకపోయింది. రెండు మెట్లెక్కి, కడ్డీ పట్టుకుని అలాగే వేలాడింది. జయంత్ కింద నుంచి నడుం పట్టుకున్నాడు, పైనుంచి ఇంకొకతను చేతులు పట్టి లాగాడు. చెక్కల మీద పడుకోబెట్టేసరికి ఆమె తన భాషలో ఏదో మాట్లాడుతోంది. లలితకుమారి షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకెక్కి, రక్తంలో కలిసిందన్నారు హాస్పిటల్లో. బతుకుతుందో లేదో చెప్పడానికే కొన్ని రోజులు పట్టింది. బతికింది. ఒక కిడ్నీ పూర్తిగా పోయింది, రెండోదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలన్నారు. బరువు పనులు ఇక చెయ్యకూడదు. పని చెయ్యలేని మనిషికి కాంట్రాక్టు లేదు. కాంట్రాక్టు లేకపోతే వీసా లేదు. విమానం ఎక్కే ఓపిక రాగానే ఊరికి పంపిస్తారని తేలిపోయింది.

ఈ లోపల కంపెనీ తరఫున భద్రత చూసే ఆమె ఒకతె షెడ్డుకు వచ్చింది. టీ తాగే గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. పడవ మీద ఇబ్బందుందని లితియా ఎప్పుడైనా చెప్పిందా? జయంత్ ముందే లోపలికి వెళ్ళి వచ్చాడు. తలుపు దగ్గర భార్య పక్క నుంచి పోతూ తెలుగులో చెప్పాడు.

"నాకెవరూ సెప్పలేదన్నాను. నువ్వు ఇంకోలాగ సెప్పీసినావంటే నా లైసెన్సు పోద్ది. ఇల్లు, పిల్ల బడి, అన్నీ సూసుకో."

అతని గొంతులో బెదిరింపు లేదు. భయం ఉంది. అదే లలితకుమారిని కట్టేసింది. గదిలోకి వెళ్ళి, ఎదుటి మనిషి మర్యాదగా అడిగిన ప్రశ్న రెండోసారి అడిగించుకుని, తనకేమీ తెలియదని చెప్పింది. ఆమె థాంక్స్ చెప్పి ఇంకొకరిని పిలిచింది. చాలా తేలిగ్గా అయిపోయింది.

ఆ సాయంత్రం ఆమె హాస్పిటల్‌కు వెళ్ళింది. లితియా దిండ్లకానుకుని కూర్చుని ఉంది. నర్సు కూజా నింపి పెట్టి, దీన్ని ఖాళీ చెయ్యాలి అని చెప్పి వెళ్ళింది. లితియా బుద్ధిగా ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు పోసుకుంది. చెంపలు లోపలికి పోయాయి. ఉప్పుగాలికి రేగిన పొట్టు రాలిపోయి, కింద నుంచి పసిపిల్లల చర్మం లాంటిది వచ్చింది.

"కంపెనీ మనిషి వచ్చి అడిగిందట కదా. నేను అడిగానని చెప్పావా?" అంది.

లలితకుమారి తెచ్చిన కమలాపళ్ళు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి దొర్లి పడబోతే పట్టుకుని, మళ్ళీ పెట్టింది. లితియా ఆమె చేతులనే చూసింది. కాసేపటికి అలిసిపోయానని చెప్పి కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదని ఇద్దరికీ తెలుసు.

వెళ్ళిపోయే రోజున విమానాశ్రయానికి లితియా, లలితకుమారి ఇద్దరే వెళ్ళారు. కంపెనీ మనిషొకడు టికెట్టు ఇచ్చి పోయాడు. చక్రాల కుర్చీ తోస్తూ ఉద్యోగి లోపలికి తీసుకుపోతుంటే లితియా వెనక్కి తిరిగి చూసింది. కోపంగా చూసి ఉంటే లలితకుమారి తట్టుకునేదేమో. ఆమె చెయ్యెత్తి మామూలుగా ఊపింది, షెడ్డు దగ్గర పొద్దున్నే ఊపినట్టు. కారు పార్కింగులో లలితకుమారి స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చింది. చాలాసేపు కారు స్టార్టు చెయ్యలేకపోయింది.

ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తేవారు కాదు. జయంత్ మునుపటికన్నా మెత్తగా ఉండేవాడు. అంట్లు తోమేవాడు. కూతురు తన్మయి ఆ ఆంటీ ఎప్పుడొస్తుందని ఇంగ్లిషులో అడిగితే, రాదు అని మాత్రం చెప్పి గది బయటకు వెళ్ళిపోయాడు. రాత్రుళ్ళు అతను కూడా నిద్రపోవడం లేదని లలితకుమారికి తెలుసు. తెలిసినా అతని వైపు తిరగాలనిపించేది కాదు.

కొన్ని వారాలకు లితియా ఫోను చేసింది. దీవిలో గాలి హోరు, మధ్యలో కోళ్ళ అరుపులు. గొంతు పల్చబడింది. ఆరోగ్యం ఫరవాలేదంది. పట్నంలో హాస్పిటల్ దూరం, నెలకోసారి వెళ్ళి రావాలంది. ఊళ్ళో మగవాళ్ళు ఏమంటున్నారో చెప్పింది. సముద్రం మీదికి పోయిన ఆడదానికి ఏమైందో చూశారా అంటున్నారట. కమిటీవాళ్ళు ఇప్పుడు ఆడపిల్లలెవరూ మడ అడవిలోకి దిగనక్కరలేదని నిర్ణయం చేశారు. వాళ్ళ మంచికేనట.

"నా కూతురికి చేతులు బాగా ఆడతాయి. నాకన్నా తొందరగా పట్టేది" అంది లితియా. "ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. ఆ ఫొటో గోడ మీద నుంచి తీసేసింది. నేను చెప్పలేదు, తనే తీసేసింది."

ఫోను పెట్టేశాక లలితకుమారి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటి మాడిన వాసన వస్తున్నా లేవలేదు.

ఆ వారమే జయంత్ ఒక కబురు తెచ్చాడు. సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్ళు పడవ చూడటానికి వస్తున్నారు. ఆడవాళ్ళకు పడవ మీద పని ఇస్తున్నారా అని వాళ్ళు అడుగుతున్నారట. లితియా చోటు ఖాళీగా ఉంది. లలితకుమారి అయితే ఎలా ఉంటుందని యజమాని అడిగాడు.

"నువ్వెపుడూ అనీదానివి కదా, నాను కూడా ఎక్కుతానని. జీతం పెరుగుద్ది. ఇద్దరం ఒకే పడవ మీద ఉంటాం" అన్నాడు జయంత్. అతని ముఖంలో నిజంగానే ఆశ ఉంది. జరిగినదానికి ఇది ఏదో పరిహారమన్నట్టు చూస్తున్నాడు.

"టాయిలెట్ పెట్టినారా?"

"పెడతారట. సమ్మర్ అయినాక, పడవ ఒడ్డుకి తీసినపుడు."

లలితకుమారి కంచాలు తీసి సింకులో పెట్టింది. అతను దాన్ని సరే అనుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరూ జెట్టీ మీదికి వెళ్ళారు. నీళ్ళు కదలకుండా సీసంలా ఉన్నాయి. సరుకు కొనే కంపెనీ నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురు కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. యజమాని నవ్వుతూ ఎదురొచ్చి కొత్త కోటు ఆమె చేతికిచ్చాడు. జయంత్ ముందుగా దిగి ఇంజను వేశాడు. పడవవాళ్ళిద్దరూ జరిగి ఆమెకు చోటిచ్చారు. అందరూ ఆమె కోసం చూస్తున్నారు.

లలితకుమారి నిచ్చెన దాకా నడిచింది. అక్కడ ఆగి, కోటు మడతపెట్టి యజమాని చేతుల్లో తిరిగి పెట్టింది. తనకొచ్చిన ఇంగ్లిషులోనే మాట్లాడింది.

"లితియా అడిగింది. టాయిలెట్ కావాలని అడిగింది. నాకు చెప్పింది, నేను నా భర్తకు చెప్పాను. మీ మనిషి వచ్చి అడిగితే నాకు తెలియదన్నాను. అది అబద్ధం. ఆమె అడిగిందని మీరు ఒప్పుకునేదాకా, అది పెట్టేదాకా, నేను ఈ పడవెక్కను."

యజమాని వచ్చినవాళ్ళ వైపు చూశాడు. కాఫీ తాగుతున్న ఒకామె కప్పు దించింది. షెడ్డు తలుపు దగ్గర పనికొచ్చిన ఆడవాళ్ళు తొడుగులు తొడుక్కుంటూ ఆగిపోయారు.

లలితకుమారి కిందికి చూసింది. జయంత్ పడవ ముందు భాగంలో కట్టుతాడు విప్పడానికి వంగి ఉన్నాడు. ముడి సగం వదులైంది. అతను తలెత్తలేదు. తాడు విప్పనూ లేదు, బిగించనూ లేదు. రెండు చేతుల్లోనూ దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇంజను నడుస్తూనే ఉంది.